పాట మధ్యలో పూలు

సా డెక్ ఊరి మార్కెట్లో, కాలువ ఒడ్డున లాయ్‌ది నూడుల్స్ సూపు బండి. తెల్లారేసరికి పంది ఎముకలు మరగబెడుతుంది, మధ్యాహ్నానికి గిన్నెలు కడిగేస్తుంది. డబ్బు దగ్గరా మాట దగ్గరా పొదుపు మనిషి. ఆమె బతుకులో దుబారా అంటూ ఉంటే ఒక్కటే, గాయని బిక్ స్వంగ్.

స్వంగ్ ఆ ఊరు వచ్చినప్పుడల్లా లాయ్ ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని, గులాబీల గుత్తితో ముందు వరుసలో కూర్చుంటుంది. పాట నడుస్తుండగానే వేదికెక్కి పూలివ్వడం అక్కడ మామూలే. గాయని పాడుతూనే వంగి పూలందుకుంటుంది, చెయ్యి నొక్కుతుంది, ఒక్కోసారి కావలించుకుంటుంది. పాట అయ్యాక ఇచ్చే పూలు భోజనాలయ్యాక వడ్డించిన కూరతో సమానం.

అయితే కొన్నాళ్లుగా లాయ్ మెట్లెక్కే సమయం మారింది. స్వంగ్‌కు పేరు తెచ్చిన పడవ పాటలో, చివర గొంతెత్తి నిలపాల్సిన పాదం ఒకటుంది. వయసు మీద పడి ఆ గొంతు ఇప్పుడు అంత ఎత్తుకు పోవడం లేదు. పక్క ఊళ్లో ఒకసారి అది జీరబోవడం విని, లాయ్ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అప్పటినుంచి ఆ పాదం రాబోతోందనగా పూలతో వేదికెక్కేస్తుంది. స్వంగ్ పాట ఆపి నాలుగు మంచి మాటలు చెబుతుంది, జనం చప్పట్లు కొడతారు, ఆ సందడిలో వాద్యాలు ఆ పాదాన్ని దాటించేస్తాయి. ఇదంతా స్వంగ్‌కు తెలియదనే లాయ్ నమ్మకం. తెలిస్తే ఎంత చిన్నబోతుందోనని భయం కూడా.

ఇంతలో ఒకసారి, స్వంగ్ కచేరీ రేపనగా, దర్జీ థ్వా సూపు తాగుతూ నలుగురిలో అడిగేసింది.

"ఏంటి లాయక్కా, రేపు కూడా మా నోటికాడి కూడు లాగేస్తావా?"

"నేనేం చేశానమ్మా?"

"ఏం చేశావా! అసలు ముక్క వచ్చేసరికి పూలు పట్టుకుని ఊడిపడతావు. మేం వచ్చేదే దానికోసం. ఆవిడతోపాటు నిన్నూ అందరూ చూడాలని సరదా కాకపోతే!"

బండి దగ్గరున్నవాళ్లంతా నవ్వారు. నిజం చెబితే పోయేది స్వంగ్ పరువు. లాయ్ గరిటె తిప్పుతూనే ఉంది గానీ ఆ మాట గట్టిగానే తగిలింది. మర్నాడు సాయంత్రం పూలు కొనకుండా వెళ్లి, వెనక వరుసలో థ్వా పక్కనే కూర్చుంది.

పడవ పాట మొదలైంది. ఆ పాదం దగ్గర పడింది. స్వంగ్ నవ్వుతూ మెట్లవైపు తిరిగి చెయ్యి చాపింది. అక్కడ ఎవరూ లేరు. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది, నవ్వు మాత్రం పోయింది. కీబోర్డు వాయించేవాడు గతుక్కుమని, అయిపోయిన చరణమే మళ్లీ ఎత్తుకున్నాడు.

థ్వా పుచ్చగింజలు నమలడం ఆపింది. ఆ చేతిని చూసింది, లాయ్ మొహం చూసింది. ఆమెకు సంగతి అర్థమైంది.

"పో అక్కా, పో పో!" అంటూ జబ్బ పట్టుకుని లేపింది.

లాయ్ ఉత్త చేతులతోనే పరుగెత్తింది. వెనకనుంచి అందరికన్నా ముందు చప్పట్లు మొదలుపెట్టింది థ్వానే. వేదిక మీద స్వంగ్ లాయ్‌ని కావలించుకుని, మైకు దూరంగా పెట్టి, చెవిలో అంది.

"ఇంత ఆలస్యం చేశావేంటక్కా? ఇవాళ్టితో నా పనైపోయిందనుకున్నా."