నైరుతి గదిలో పెరుగు గిన్నె

పోయిన ఎండాకాలం మాచవరం దగ్గర మా మిరప కల్లంలో మా ఆయన కళ్ళు తిరిగి పడిపోయాడు. వడదెబ్బ. డాక్టరు సెలైన్ ఎక్కించి, "ఇంకోసారి ఇట్లా అయితే గుండె తట్టుకోదమ్మా. ఎండాకాలం మధ్యాహ్నాలు చల్లటి గదిలో పడుకోవాల్సిందే" అని నాతో గట్టిగా చెప్పాడు.

అప్పటికి గురజాలలో మా కొత్తింటికి గోడల పూతపని అయిపోయింది. మేమింకా అద్దింట్లోనే ఉన్నాం. మిగిలిన డబ్బుతో ఆ ఇంటికి ఇంకొక్క హంగు చేయించుకోవచ్చు. ఒక్కటే. అది ఏంది అన్నదాని మీద ఊళ్ళో అందరికీ ఒక అభిప్రాయం ఉంది, మాకు తప్ప.

మా మరిది ముందుగా వచ్చాడు. "వదినా, హాల్లోనూ బెడ్‌రూములోనూ ఫాల్స్ సీలింగ్ కొట్టించండి. చల్లదనానికి చల్లదనం, అందానికి అందం" అన్నాడు. ఆ పని చేసే కుర్రాళ్ళు వాళ్ళావిడ తమ్ముడి దగ్గర ఉన్నారన్న సంగతి మాత్రం చెప్పలేదు. అది నేను వేరేచోట విన్నాను. మేస్త్రీ ముందుగోడకి రాతి పలకలు అంటించమన్నాడు. ఏ కొట్లో కొనాలో కూడా ఆయనే చెప్పి, నాకంటే ముందు ఆ కొట్లోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కొట్టాయన ఆయన్ని ఏం కావాలని అడగలేదు, టీ తెప్పించాడు. నాకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మరిది మాట నమ్మకపోవడానికి ఇంకో కారణం ఉంది. వాళ్ళ గృహప్రవేశానికి మమ్మల్ని, సొంత అన్నావదినల్ని, రెండో బంతిలో కూర్చోబెట్టారు. మొదటి బంతిలో ఫాల్స్ సీలింగ్ తమ్ముడు గారు కూర్చున్నారు. మా ఆయన మర్చిపోయాడు. నాకు ఆ విస్తట్లో వడ్డించిన చల్లారిపోయిన పులిహోర రంగుతో సహా గుర్తుంది.

మా పడకగది నైరుతిలో ఉంది. మా వైపు ఎవరిదైనా అంతే. యజమాని నైరుతిలో పడుకోవాలి, ఆ మూల బరువుగా ఉండాలి, పడమటి కిటికీ చిన్నదిగా ఉండాలి. శాస్త్రం సంగతి నాకు తెలీదు గానీ, పల్నాడు ఎండ మాత్రం మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆ మూలనే కాలుస్తుంది. ఊరంతా ఇంట్లో అన్నిటికంటే వేడి గదిని ఏరికోరి యజమానికిచ్చి, తర్వాత ఏసీ కొంటుంది. ఎండలు ముదిరితే మా వీధిలో కరెంటు ఉండదు. అప్పుడు ఏసీ గోడకి తగిలించిన పెట్టె.

ఎవర్నడిగినా వాళ్ళ ఇల్లు చల్లగానే ఉందంటారు. అంత ఖర్చు పెట్టినవాడు ఉక్కపోస్తోందని ఒప్పుకుంటాడా? అందుకే నేను మనుషుల్ని అడగడం మానేశాను. పొద్దున్నే కాచి చల్లార్చిన పాలలో తోడేసి, మూత గిన్నెతో ఒక్కొక్కరింటికి వెళ్ళి, వాళ్ళ పడకగదిలో పెట్టేదాన్ని. సాయంత్రం రుచి చూసేదాన్ని. వేడి గదిలో పెరుగు పులిసి నీళ్ళు విడుస్తుంది. పెరుగుకి మొహమాటం లేదు, కమీషనూ లేదు.

మరిది ఇంటికి అలాగే వెళ్ళాను. మా తోడికోడలు గిన్నె చూసి నవ్వింది.

"ఏందక్కా, మా ఇంట్లో పెరుగు ఉండదనుకున్నావా?"

"మీ ఇంట్లో చానా ఉంటాయిలే. ఇది నా నోటికి అలవాటైంది."

సాయంత్రానికి వాళ్ళ ఫాల్స్ సీలింగ్ రంగురంగుల లైట్ల కింద నా పెరుగు పులిసి నీళ్ళు విడిచింది. గిన్నెకి మూతపెట్టి తెచ్చుకున్నాను.

మాచర్లలో మా పిన్ని ఇంట్లో మాత్రం సాయంత్రం కూడా పెరుగు కమ్మగా ఉంది. మేడ పైగది, పైగా నైరుతి. నా నోటిని నేనే నమ్మక మర్నాడు మళ్ళీ పెట్టాను. మళ్ళీ కమ్మగానే ఉంది. అప్పుడు డాబా ఎక్కి అడిగితే చెప్పింది. మా బాబాయి ఉన్నప్పుడే శ్లాబు మీద మట్టికుండలు వరసగా బోర్లించి, సందుల్లో సున్నం, ఇటుక ముక్కలు కూరి, పైన తెల్ల పలకలు పరిపించాడట. కుండల్లోని గాలి వేడిని కిందికి దిగనివ్వదు.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"నువ్వడిగితేగా? నువ్వొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరి మీద చాడీలు చెప్పడమే సరిపోయె."

ఆ మాట కూడా గుర్తుపెట్టుకున్నాను.

కుండలనగానే మేస్త్రీ తాపీ కింద పెట్టాడు. "శుభమా అని ఇల్లు కట్టుకుంటూ కుండల మాట ఏందమ్మా? అవి ఎప్పుడు తెస్తారో తెలియదా?"

"మీ ఇంట్లో మంచినీళ్ళు దేంట్లో తాగుతారు?"

"అది వేరమ్మా."

మా తోడికోడలు ఫోన్ చేసి ఏడుపు గొంతుతో, "అసలే బావగారికి ఒంట్లో బాగాలేదు, నెత్తి మీద కుండలెందుకక్కా" అంది. మా ఆయన కూడా బెదిరి, "ఏమే, నలుగురూ వద్దంటున్నారు కదా, వదిలెయ్" అన్నాడు. నేను సిద్ధాంతి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పంచాంగం మూసి, నైరుతిలో బరువు పెరగడం మంచిదేనన్నాడు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడా అని దారంతా ఆలోచించాను గానీ, ఆ మాట మాత్రం అందరికీ చెప్పాను. మా పడకగది శ్లాబు మీద కుండలు పరిపించాను. నా ఎదురుగా, ఒక్కొక్కటి వేలితో కొట్టి చూసుకుని.

ఈ ఏడు వైశాఖంలో గృహప్రవేశం. తెల్లవారుజాము నుంచీ మా ఆయన హోమం పొగలో పీటల మీద కూర్చున్నాడు. పదకొండింటికల్లా కరెంటు పోయింది. వ్రతం ముగిసేసరికి ఆయన మొహం పాలిపోయింది. లేచి నిలబడి గోడ పట్టుకున్నాడు. కల్లంలో పడిపోయే ముందు కూడా అట్లాగే కర్ర పట్టుకున్నాడు. మరిదీ నేనూ చెరోవైపు పట్టుకుని నైరుతి గదిలో పడుకోబెట్టాం. ఆయనకి మజ్జిగ తాగించి, ఒక చెయ్యి ఆయన నుదుటి మీదా, ఇంకో చెయ్యి పడమటి గోడకీ పెట్టి కూర్చున్నాను. గోడ గోరువెచ్చగా ఉంది, అంతే; పైనుంచి సెగ దిగడం లేదు. కాసేపటికి నుదురు చల్లబడింది. ఆ తర్వాత గురక మొదలైంది. ఆ గురక మీద జీవితమంతా ఫిర్యాదు చేశాను. ఆ రోజు కదలకుండా విన్నాను.

మరిది కింద చాప మీద కూర్చున్నవాడు లేవలేదు. "వదినా, ఈ గదికి ఇన్వర్టర్ మీద ఏసీ నడుస్తోందా?" అన్నాడు. పైకి చూపించాను. తలెత్తి శ్లాబు వంక చూశాడు.

మరిదినీ తోడికోడలినీ మొదటి బంతిలోనే కూర్చోబెట్టాను. అందరూ చూసేట్టు, నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి. పొద్దున నైరుతి గది అలమరలో తోడేసి పెట్టిన గిన్నె తెచ్చి మా తోడికోడలి విస్తట్లో చివర్న నేనే వడ్డించాను. ఆవిడ నాలిక మీద వేసుకుని, "కొంచెం పులుపెక్కింది కదక్కా" అంది.

వంటింట్లోకి వెళ్ళి గిన్నె అడుగున మిగిలింది నాకి చూశాను. కమ్మగా ఉంది. నైరుతి గదిలోంచి గురక ఇంకా వినబడుతోంది.