కొట్టేసిన మూడు చుక్కలు

మొన్న ఉదయం మా అన్న కూతురు తన రక్తపరీక్ష కాగితం నా ఫోనుకు పంపింది. బెంగళూరు చివర హూడిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆ అమ్మాయికి ఆఫీసువాళ్లు ఏటా పరీక్షలు చేయిస్తారు. వచ్చిన కాగితం డాక్టరు కంటే ముందు నాకు పంపడం ఆమెకు అలవాటు. "చిన్నాయనా, ఒక్కసారి చెక్ చేసి చెప్పు, అంతా నార్మలే ఉండాది కదా?" అని కింద రాసింది. రక్తంలోని ప్రోటీన్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన రసాయన శాస్త్రజ్ఞుణ్ణని నా మీద ఆమెకు అంత నమ్మకం. నా చూపు వరుసలన్నీ దాటుకుని ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ అన్న రెండు ప్రోటీన్ల పేర్ల దగ్గర ఆగింది. అక్కడ ఆగకుండా నేను ఏ రక్తపరీక్ష కాగితమూ చదవలేను. రెండూ హద్దులోనే ఉన్నాయి. అంతా బాగుందమ్మా అని జవాబిచ్చి, ఫోను బల్ల మీద బోర్లించాను.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పరిశోధన అంటే చాలావరకు చేతిపని. నలభై ఏళ్ల కిందట ఈ బెంగళూరులోనే ఒక ప్రయోగశాలలో నేను చేసిన పని ఇప్పుడు చెబితే వంటపనిలా వినిపిస్తుంది. రక్తంలోంచి ఎర్రకణాలను అడుక్కి దింపేస్తే పైన తేలే లేత పసుపు ద్రవమే ప్లాస్మా. దాన్ని మంచులో పెట్టిన గాజుపాత్రలో పోసి, మెల్లగా తిప్పుతూ, చిక్కటి ఉప్పునీళ్లు చుక్కచుక్కగా వెయ్యాలి. ఉప్పంటే కూరలో ఉప్పు కాదు, అమ్మోనియం సల్ఫేటు. అది ఉన్న నీళ్లన్నీ తనవైపు లాక్కుంటూ పోతుంటే, కరిగి ఉండడానికి నీళ్లు చాలక ప్రోటీన్లు పాలు విరిగినట్టు తెల్లగా విడిపోయి దిగుతాయి. ఉప్పు సగం పాకానికి వచ్చేసరికి గ్లోబ్యులిన్లు దిగిపోతాయి. ఆల్బుమిన్ ఇంచుమించు చివరిదాకా కరిగే ఉంటుంది. ఎంత ఉప్పుకు ఎంత దిగిందో కొలిచి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి, ఎవరి రక్తమైనా ఆ చుక్కలు ఒకే వాలుగీత మీద కూర్చుంటాయని చూపించడం నా పని. తొందరపడి ఉప్పునీళ్లు ఒక్కసారిగా పోస్తే దిగకూడనివి కూడా కలిసి దిగిపోతాయి. కొత్తలో అందరం చేసే పొరపాటే అది. దాన్నే నేను తర్వాత ముసుగుగా వాడుకున్నాను.

తాజా రక్తం కావాలంటే అప్పట్లో మాలో మేమే చేతులు చాపేవాళ్లం. ఆ సంగతి విని మా అన్న తనూ వస్తానన్నాడు. అన్నది పీణ్య పారిశ్రామికవాడలో, లేతు మిషను మీద ఇనుప ముక్కలు కొలతకు చెక్కే పని. మైక్రోమీటరు చదవడం నాకు నేర్పింది కాలేజీ కాదు, అన్నే. కొలత తప్పిన ముక్కను నేను చెత్తలో వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపేవాడు: "పారేసేది ఎవుడైనా పారేస్తాడప్పా. ఎందుకు తప్పిందో చూడు ముందు." నెలకొకసారి, వారం సెలవునాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రయోగశాలకు వచ్చి చెయ్యి చాపి కూర్చునేవాడు. "నా నెత్తురులో ఉప్పేసి ఏం చేస్తావప్పా, ఊరగాయ పెడ్తావా?" అంటే అందరూ నవ్వేవాళ్లు. తన నెత్తురు సైన్సులోకి పోతోందని వర్క్‌షాపులో అందరికీ చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది.

మొదటి నెల అన్న ప్లాస్మాలో సగం ఉప్పుకే గడ్డపెరుగంత మడ్డి దిగింది. చుక్క గీతకు దూరంగా పడింది. ఉప్పు తొందరగా పోశాననుకున్నాను. రెండో నెల ఒళ్లు దగ్గర పెట్టుకుని పోశాను. చుక్క ఇంకా దూరం జరిగింది. మూడో నెల మడ్డిని చూసి మా ప్రొఫెసరు గారు ఇది ఎవరి నమూనా అని ఆగారు. నా చెయ్యి తొందరపడింది సార్ అన్నాను. అబద్ధం. వ్యాసం పంపే గడువు దగ్గరపడింది, నాకు తిన్నని గీత కావాలి. గ్లోబ్యులిన్లు అంతగా పెరిగితే అది జబ్బుకు గుర్తు కావచ్చని నేను చదవకపోలేదు. పరీక్షకు చదివాను, రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ ఏడే అన్న నడుము పట్టుకుని లేవడం, మెట్లెక్కి ఆయాసపడడం మొదలుపెట్టాడు. ఇంట్లో అందరూ లేతు ముందు నిలబడే పని కదా అనుకున్నారు. వాళ్లు నడుము ఒక్కటే చూశారు. నడుమూ మడ్డీ రెండూ చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మూడు చుక్కల మీదా పెన్నుతో అడ్డగీతలు కొట్టి, ఇంకొకరి రక్తం తీసుకుని గీత పూర్తి చేశాను. నీ రక్తం ఈ పనికి కుదరడం లేదు, ఇంక రావద్దన్నా అని చెప్పాను. అన్న నవ్వడానికి ప్రయత్నించాడు. "అంత కెట్టుండాదా, చెడిపోయుండాదా నా నెత్తురు? సరే బిడప్పా, వదిలెయ్." ఇస్త్రీ చొక్కా చేతులు కిందికి దింపుకుని వెళ్లిపోయాడు.

ఆరేడు నెలలకు, నీళ్ల బిందె ఎత్తబోతే అన్న పక్కటెముక విరిగింది. ఎముకల మూలుగలో పుట్టిన క్యాన్సరని, అదే రక్తంలోకి గ్లోబ్యులిన్లను వదులుతోందని ఆసుపత్రిలో తేల్చారు. ముందు తెలిసినా నయమయ్యే రోగం కాదు, మహా అయితే ఇంకో రెండేళ్లు బతికేవాడని డాక్టరు నన్ను ఓదార్చాడు. పాపం, ఆయనకేం తెలుసు. అప్పటికి అన్న కూతురికి మూడేళ్లు. ఇంకో రెండేళ్లుంటే ఆ పిల్లకు నాన్న ముఖం గుర్తుండేది.

నా వ్యాసం అచ్చయి వచ్చినప్పుడు అన్న ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. కాగితం గుండెల మీద పెట్టుకుని, తనిచ్చిన మూడుసార్లలో ఒక్కసారిదైనా పనికొచ్చే ఉంటుందన్న ఆశతో, "ఇందులో నాది ఏడుండాదప్పా?" అని అడిగాడు. నేను గీత మీద ఒక చుక్క చూపించాను. అది ఇంకొకరిది. అన్న దాని మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు. తర్వాత పది రోజులు కూడా లేడు.

అన్న వేలు పెట్టిన చుక్కను గుర్తుపెట్టుకుని, ఆ గ్రాఫు పేజీకి వదిన ఫ్రేము కట్టించింది. వదిన పోయాక అది కూతురి ఇంటికి చేరింది. పోయినసారి హూడికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయి తన కొడుకును ఎత్తుకుని, అద్దం మీద సరిగ్గా ఆ చుక్క దగ్గరే వేలు పెట్టించి, ఇది మీ తాత అని చెబుతోంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఇప్పుడు ఆ పనంతా యంత్రాలు చేస్తున్నాయి. చుక్కచుక్కగా పోసే ఓపికతో పనిలేదు, గ్రాఫు కాగితమూ లేదు. ఎవరి రక్తమో యంత్రానికి తెలియదు. అయినా అంకె హద్దు దాటితే పక్కన ఒక గుర్తు పెట్టి తీరుతుంది. దానికి తిన్నని గీత మీద ఆశ లేదు. నాకు ఎవరి రక్తమో తెలుసు.

ఆ పాత నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. అడ్డగీతల కింద మూడు చుక్కలూ ఇంకా కనిపిస్తున్నాయి. ఈ ఆదివారం దాన్ని హూడికి తీసుకుపోతాను. మీ నాన్న ఇక్కడున్నాడమ్మా అని ఆ పేజీ ఆమె చేతికిస్తాను. వచ్చే ఏడాది తన రక్తపరీక్ష కాగితం ఆమె నాకు పంపకపోతే, ఎందుకని అడిగే హక్కు నాకు లేదు.