వంటావార్పు కాడ నసీమా చెప్పిన ముచ్చట

తెలంగాణ ఉద్యమం రోజులు. కోరుట్లల నిరసనగా రోడ్డు మీద్నే వండుకొని తినే వంటావార్పు చేస్తున్నం. గల్ఫ్‌ల ఉన్న మావోళ్లు చూస్తరని నేను, నా దోస్తు నసీమా మా వెబ్‌సైట్ల రోజూ ఫొటోలు పెట్టేటోళ్లం. ఆ పొద్దు లాఠీచార్జి అయిందని పుకారు లేచింది. అందరు ఒక్కపారే తెరిచేసరికి సైట్ ఆగిపోయింది. దుబాయిల ఉన్న మా ఆయనకు ఫోనన్న కలుస్తలేదు. నాకేమైందోనని ఆయన బుగులు పడ్తడని నాకు ఏడుపొచ్చింది.

నసీమా పరేషాన్ కాలేదు.

"మనది షేర్డ్ హోస్టింగ్ అక్కా, ఒక్క సర్వర్‌నే అన్ని సైట్లు పంచుకునుడు, ఒక్క పొయ్యి మీద పదిండ్ల వంట. వీపీఎస్ అంటే ఆ సర్వర్‌ల మనకో సొంత వాటా, వాకిలి ఒక్కటే గని, ఎవల పొయ్యి వాళ్లదే."

ఆడ్నే ల్యాప్‌టాప్ తీసి సైట్‌ను వీపీఎస్‌కు మార్చింది. వంట చేస్తున్న నా ఫొటో పెట్టింది.

జరసేపటికి మా ఆయన ఫోన్ కలిసింది.

"ఫొటో చూసిన. కొంగు పొయ్యిల పడ్తది, పైలం!" అన్నడు.

గంత దూరమున్న మనిషికి నా కొంగు కనవడ్డదంటే నసీమా పుణ్యమే.