ఆయ్ అంటే పడవ బయలుదేరినట్టు కాదు

మా కొట్టు మేస్త్రి పోయి చాలా కాలమైంది. కొబ్బరి దాచేసి పట్టుబడ్డాడని, షావుకారు గారి కాళ్ళు పట్టుకుని బయటపడ్డాడని అమలాపురం సంతలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. మొన్న ఒకాయన, నేను అక్కడ పనిచేశానని తెలియక, నాకే చెప్పాడు. ఆ రోజు కొట్టు అరుగు దగ్గర ఉన్నవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను. అందుకే రాస్తున్నాను.

స్వరాజ్యం వచ్చిన కొత్తలో సంగతి ఇది. షావుకారు గారికి అమలాపురంలో కొట్టు, వైనతేయ పాయ దాటాక మలికిపురంలో కొబ్బరి ఎండబెట్టే షెడ్డు ఉండేవి. షెడ్డు బాధ్యత మేస్త్రిది. వారానికోసారి రేవు దాటి వచ్చి మేనేజరు గారికి సంగతులు చెప్పేవాడు. మేనేజరు గారు గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చినవారు. విన్నది చీటీ మీద రాసి షావుకారు గారి బల్ల మీద పెట్టేవారు. ఆ చీటీ చూసి షావుకారు గారు రాజమండ్రి నూనె మిల్లుకు మాట ఇచ్చేవారు. ఆ మాటను ఉత్తరంగా రాసేది నేను.

నేను థర్డు ఫారంతో బడి మానేసినవాణ్ణి. మిగతా చదువంతా గ్రంథాలయంలోదే. ఆ రోజుల్లో నిఘంటువు పక్కన పెట్టుకుని వ్యాపార నిర్వహణ మీద ఒక ఇంగ్లీషు పుస్తకం చదువుతున్నాను. దాని ప్రకారం, దగ్గరుండి పని చేయించేవాడికి ఈ పూట సంగతి కావాలి. మధ్యవాడికి వారమంతా పని ఎలా సాగిందో కావాలి. పైవాడికి ముందు ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి పనికొచ్చే సారం చాలు. ఒకే వార్త మూడు మెట్ల మీద మూడు రూపాల్లో ఉంటుందని అందులో రాశారు. అది చదివాక నాకు మా కొట్టులో అందరి మీదా అనుమానం పట్టుకుంది. మెట్టు మెట్టుకీ వార్త చిక్కిపోతోందంటే, ఆ తరిగిన ముక్క ఎవరి జేబులోకి పోతోంది?

ఒకనాడు మిల్లు నుంచి తంతి వచ్చింది. దారిలో ఉందని మేము రాసిన పడవ చేరలేదట. షావుకారు గారు చీటీ తీయించారు. ‘మలికిపురం సరుకు శుక్రవారం బయలుదేరింది’ అని మేనేజరు గారి రాత. మేస్త్రికి కబురు వెళ్ళింది. ఈలోగా ఇంకో సంగతి తెలిసింది. ఆ వారమే కొబ్బరి ధర పెరిగింది. పైగా వేరే వర్తకుడి మనిషి ఒకడు రేవు దగ్గర మేస్త్రితో చుట్ట కాలుస్తూ కనిపించాడట. నాకు అంతే చాలు. సరుకు వాళ్ళకి అమ్ముకోవడానికే దాచాడని మనసులో తీర్పు రాసేసుకున్నాను.

మేస్త్రి వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. అతను కాపురముండే పాక కూడా షావుకారు గారి స్థలంలోదే. పని పోతే ఇల్లూ పోతుంది.

“సరుకేదోయ్?” అన్నారు షావుకారు గారు.

“షెడ్డులోనే ఉందండి.”

“శుక్రవారం వేసేశావని కదా నాకు చెప్పేరు!”

మేనేజరు గారు అందుకున్నారు. “నేనే అడిగానండీ. శుక్రవారం పడవకి వేస్తున్నావు కదా అంటే ఆయ్ అన్నాడు. అన్నావా లేదా? చెప్పవేందయ్యా?”

“అన్నానండి.”

“మరి వేయలేదేం?”

“ఎండితేనే కదండీ వేసేది. మబ్బు పట్టేసింది. ఇంకా రెండెండలు తగలాలండి.”

“ధర పెరిగేదాకా మబ్బు పట్టిందన్నమాట! చుట్ట ఇచ్చి పిలిపించావా ఆ మబ్బుని?” అన్నారు మేనేజరు గారు.

“ఆయన మా తోడల్లుడండి. చుట్ట ఆయనే ఇచ్చేడండి.”

నా అనుమానం ఇంకా బలపడింది. తోడల్లుడంటే మరీ దగ్గర.

షావుకారు గారి గొంతు లేచింది. “నా ఉప్పు తిన్నావు.”

“ఆయ్.”

“మిల్లు వాళ్ళ దగ్గర నా పరువు తీసేవు.”

“ఆయ్.”

“నువ్వు దొంగవి!”

“ఆయ్,” అన్నాడు మేస్త్రి తల వంచుకుని, అదే గొంతుతో.

మేనేజరు గారు కుర్చీలోంచి లేచారు. “చూశారా! నలుగురి ముందూ ఒప్పుకున్నాడు!”

షావుకారు గారు ఆయన వైపు వింతగా చూశారు. “ఒప్పుకోవడమేమిటండీ? విన్నాడు.”

“అవునన్నాడు కదండీ!”

“అవునని కాదండీ బాబూ. వింటున్నాను, తమరు కానివ్వండి అని. మా ఆవిడ తిడుతున్నా నేను ఆయ్ అనే అంటాను. అవన్నీ ఒప్పుకున్నట్టయితే ఈపాటికి సన్యాసుల్లో కలిసిపోవాలి.”

ఎవరూ నవ్వలేదు. ఆ మాట అన్న షావుకారు గారు కూడా చేతిలోని చీటీ వైపే చూస్తున్నారు. మేస్త్రి అన్నది ‘విన్నాను’. మేనేజరు గారు రాసింది ‘బయలుదేరింది’. షావుకారు గారు చెప్పగా నేను రాసింది ‘దారిలో ఉంది’. మా మెట్ల మీద వార్త చిక్కిపోలేదు, ఒళ్ళు చేసింది. ఈ సంగతి నా పుస్తకంలో లేదు. అది రాసినాయన గోదావరి దాటి ఇటు వచ్చి ఉండడు.

అయినా నా అనుమానం పూర్తిగా పోలేదు. ఆయ్ అంటే ఒప్పుకోవడం కాదు, సరే. కాదనడమూ కాదు కదా! షావుకారు గారికీ అదే తోచినట్టుంది. “నువ్వెళ్ళి చూసిరావోయ్,” అని నన్ను మేస్త్రి వెంట పంపారు. ఇద్దరం రేవు దాటాం.

షెడ్డులో కొబ్బరి నేలంతా పరిచి ఉంది. నాకు చూపించడానికి పచ్చివి ముందు పెట్టించి ఉంటాడని, నేను వెనక మూలకి పోయి అడుగు నుంచి ఒక చిప్ప తీశాను. ఎండినదైతే పుటుక్కున విరగాలి. అది వంగింది. ఇంకో మూల నుంచి తీశాను. అదీ వంగింది. మేస్త్రి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

“సరుకు పచ్చిగానే ఉంది,” అన్నాను.

“ఆయ్.”

నేను అతని మొహంలోకి చూశాను. “అంటే?”

“అంటే అవునండి.”

మేస్త్రి పని నిలిచింది, పాక నిలిచింది. షావుకారు గారు మేనేజరు గారిని ఒక్క మాటా అనలేదు గాని పద్ధతి మార్చారు. ఆయ్ అని జవాబు చెప్పడానికి వీల్లేని ప్రశ్నే అడగాలన్నారు. ‘వేస్తున్నావు కదా’ అని కాదు, ‘ఎన్ని ఎండలు తగిలాయి’ అని. అప్పటి నుంచి చీటీ మీద ఎండల లెక్కే వచ్చేది. మిల్లుకు మాట ఇవ్వాలో వద్దో షావుకారు గారు అది చూసుకుని తేల్చుకునేవారు. సంతకు మాత్రం ‘దొంగవంటే ఆయ్ అన్నాడట’ అన్న ముక్కే చేరింది. ఆ సంత మా కొట్టుకు నాలుగో మెట్టు అనుకోవాలి.

ఎవరి పేరూ రాయకపోయినా రుణం చెప్పుకోకుండా ఉండలేను. తలుపులు వేసే వేళ దాటినా నిఘంటువు నా దగ్గరే ఉంచిన గ్రంథాలయం పంతులు గారికి, తంతి సంగతి నాతో కూర్చుని గుర్తు చేసుకున్న తపాలా ఆఫీసు అన్నగారికి, చుట్ట తానే ఇచ్చానని ఇప్పటికీ గట్టిగా చెప్పే ఆ తోడల్లుడు గారికి నమస్కారం. ఇదంతా చదివి వినిపిస్తుంటే మేస్త్రి గారి భార్య, నేను అక్కగారని పిలిచే ఆవిడ, పొడుగునా ఆయ్ అంటూ కూర్చున్నారు. అంతటితో ఊరుకోకుండా, అచ్చు వేయించమంటారా మానమంటారా అని అడిగాను.

“వేయించండి,” అన్నారు.