నూకాలు దాచని బైబిలు

ముప్పై ఏళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఎవరితో చెప్పను? నన్ను ఎరగని మీతోనైతే చెప్పగలనేమో.

అండమాన్‌లోని మా మాయాబందర్ చర్చిలో సాక్ష్యం చెప్పమంటే ముందు లేచేది నేనే. అత్తింట్లో చాటుగా ప్రార్థన చేసుకున్నానని, ప్రభువు కోసం ఎన్నో మాటలు పడ్డానని చెబుతాను. అందరూ హల్లెలూయా అంటారు. సిగ్గులేనిదాన్ని, తలాడిస్తూ కూర్చుంటాను. మాటలు పడింది నేను కాదు.

మాది శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి చేపలు పట్టుకుని బతికే హిందువుల ఇల్లు. పెళ్లయిన రెండో ఏడు, పొరుగింటి క్రైస్తవురాలు రాంచీ దీదీ వెంట దొంగచాటుగా ప్రార్థనకు వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ ఇచ్చిన తెలుగు బైబిలును బియ్యం డబ్బా అడుగున దాచాను. ఆ సంగతి నన్ను అక్క వరసలో అప్పా అని పిలిచే తోటికోడలు నూకాలుకి ఒక్కదానికే తెలుసు. దానికి చదువు రాదు, నమ్మకమూ లేదు. అయినా నేను చదువుకుంటుంటే వాకిట్లో కాపలా కూర్చునేది. ఏముందప్పా అందులో అని అడిగితే, ఈ దేవుడు ఎంత చెడ్డవాళ్లనైనా చేరదీస్తాడు, ఎవరినీ వదిలేయడు అని చెప్పాను.

ఆ ఏడు కొత్త డుంగీ నీళ్లలోకి దింపాం. దింపేముందు ఇంటి కోడళ్లందరూ పడవ ముక్కుకు పసుపు రాసి బొట్టు పెట్టి గంగమ్మకు మొక్కాలి. నేను ఈ చేతులతోనే పెట్టాను. కొడుక్కి జ్వరమని నూకాలు రాలేదు. తర్వాత వారం రోజులు వలలో ఒక్క చేపా పడలేదు. గంగమ్మకు ఎవరో అపచారం చేశారని అత్త ఇల్లంతా వెతికింది. బైబిలు దొరికింది.

“ఎవలిదే ఇది?”

“నూకాలుది. అందుకే ఆరోజు బొట్టెట్టడానికి రానేదు” అన్నాను.

అంత నున్నగా ఎలా వచ్చిందా మాట? నన్ను పుట్టింటికి తోలేస్తారని భయం, అంతే. చదువు రానిదానికి పుస్తకం ఎందుకని ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. నాది కాదని నూకాలు ఒక్కసారి అంది. ఎవరూ వినలేదు. నా పేరు మాత్రం చెప్పలేదు.

దాని మొగుడు, మా మరిది, పుట్టింటికి పొమ్మని దాన్ని ఓడెక్కించాడు. రెండేళ్ల పిల్లాణ్ణి ఇవ్వలేదు. జెట్టీ మీద వాడు నా చంకలోనే ఉన్నాడు.

“అప్పా, నీ దేవుడు ఎవల్నీ ఒగ్గేయడన్నావు గదా. మరి నువ్వు నన్నెందుకు ఒగ్గేసినావు?”

“జహాజుకి టైమైపోనాది, ఎక్కు” అన్నాను.

అదే ఆఖరు. రెండేళ్లకు అక్కడే పోయిందని కబురొచ్చింది. అత్త పోయాక నేను దర్జాగా బాప్తిస్మం తీసుకున్నాను.

ఆదివారం పిల్లలకు పాఠం చెబుతాను, దేవుడి ప్రేమకు షరతులు లేవని. నిజమే, నమ్ముతాను. ఆ అబద్ధం ఆడిన రోజు కూడా ఆయన నన్ను ప్రేమించాడు. అదే నన్ను నిలవనివ్వదు. నేను అడగ్గానే ఆయన క్షమించేశాడు సరే, నూకాలుని ఎవరు అడిగారు? ఆయన ప్రేమ చాటున ఇన్నేళ్లు దాక్కున్నానా నేను? నూకాలు పోయాక కాపలాకి ఆయన్ను కూర్చోబెట్టుకున్నానా?

దాని కొడుకుని నేనే పెంచాను. ఇక్కడి హిందీలో అమ్మను పిలిచినట్టు నన్ను మా అని పిలుస్తాడు. ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ దగ్గర కాపురం. కన్నతల్లి తనను వదిలేసి పోయిందనే ఈరోజుకీ అనుకుంటున్నాడు. ఎప్పుడైనా ఆ మాట అంటే, ఊరుకోరా అంటానే తప్ప కాదని అనలేదు.

ఇదంతా తెలుగులో రాశాను. వాడు చదివింది హిందీ బడిలో; తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. ఆ సంగతి తెలిసే రాశానని ఇప్పుడు, ఇక్కడిదాకా వచ్చాక అర్థమైంది. ఛీ, ఏం మనిషిని నేను!

శనివారం వాడు వస్తాడు. ఈ కాగితాలు నేనే చదివి వినిపించాలి. ఆ తర్వాత మా అని పిలుస్తాడో లేదో తెలియదు. ముందు మీకు చెబుతున్నాను, నోరు తిరగడం కోసం.

ఆ బైబిలు నాది.