తోక పోయిన పుంజు, సిగ్గుల తాత

మా తాతకి సిగ్గు. తన సిగ్గు చాలదన్నట్టు ఇరుగుపొరుగు వాళ్ల సిగ్గు కూడా ఆయనే పడేవాడు. ఎదురింటావిడ కాలు జారి పడితే, ఆవిడ లేచి బట్టలు దులుపుకుని తన దారిన తాను పోయింది. మా తాత మాత్రం పొద్దుగూకేదాకా మొహం ఎత్తలేదు.

ఇలాంటి మనిషికి దొరికిన పని దర్జీపని! పొద్దస్తమానం పరాయివాళ్ల నడుములు కొలవాలి. టేపు చుట్టేది నడుముకి, చూసేది గోడకేసి. అందుకే ఆయన కుట్టిన చొక్కాలో మనిషితోపాటు ఇంకో మనిషికి చోటుండేది.

"కొలత ఎంతొచ్చిందయ్యా?" అని పోస్టుమాస్టరు అడిగేవాడు.

"పోయినసారంతేనండీ."

పోస్టుమాస్టరు పొట్ట ఏటికేడు ఆయనకంటే ముందే మా గుమ్మంలోకి వచ్చేది. మా తాత టేపులో మాత్రం అది ఎప్పుడూ పోయినసారంతే. ఆ లెక్క తప్పని తెలియడానికి, అయిదో తరగతితోనే బడికి దండం పెట్టేసిన నా చదువు కూడా సరిపోయేది.

మా పుంజు తాతకి పూర్తిగా విరుద్ధం. గోడెక్కి, రొమ్ము విరిచి, వీధి మొత్తం తన సొంతమన్నట్టు కూసేది. ఒక మధ్యాహ్నం ఒంటికన్ను ముసలికుక్క ఒకటి పెరట్లో దూరింది. పుంజు వీపు చీరుకుపోయింది. తోకని కుక్క నోట్లోనే వదిలేసి, పెట్టలన్నీ చూస్తుండగా పరుగెత్తుకొచ్చి మిషను కింద దాక్కుంది.

తాత దాన్ని ఒళ్లో పెట్టుకుని గోరువెచ్చని ఉప్పునీళ్లతో గాయం కడిగాడు. మొహం మాత్రం అటు తిప్పుకునే.

"చూసి కడగండి!" అని నానమ్మ కసిరింది.

"వెనకంతా బోడిగా ఉందే. చూస్తే బాధపడుతుంది."

"ఎవరు, కోడా?"

"మెల్లిగా అనవే. వింటోంది."

మందు రాసి, గుడ్డపేలికల బుట్టలో పడుకోబెట్టాడు. నూకలు నానబెట్టి వేలితో నోటికందించాడు. గాయం ఆరింది కానీ పుంజు కూత మానేసింది. బుట్టలో గోడవైపు తిరిగి కూర్చునేది.

"అచ్చం మీ పోలికే," అంది నానమ్మ. "ఆదివారం దాకా చూస్తా. కూస్తే కోడి, కూయకపోతే కూర."

తాత మొహం పాలిపోయింది. పోస్టుమాస్టరు ప్యాంటుగుడ్డలో మిగిలిన ముక్క తీసి, పుంజుకి కొలతలు తీసి, బోడి వీపు కప్పేలా చిన్న చొక్కా కుట్టాడు. ఆయన చేత్తో కుట్టినవాటిలో అతికినట్టు సరిపోయిన బట్ట అదొక్కటే.

"దీనికి మాత్రం వదులు పెట్టలేదేం తాతా?"

"దీనికెందుకు అమ్మడూ? మనుషులకైతే రేపు ఒళ్లొస్తే, చొక్కా పట్టడం లేదని నలుగురిలో చెప్పుకోవాలి, పాపం."

చొక్కా తొడిగాక పుంజు బుట్ట దిగింది. తనంతట తాను గింజలు తింది. కూయడం మాత్రం లేదు.

ఆదివారం తెల్లవారింది. వంటింటి గుమ్మంలో నానమ్మ కత్తి నూరుతోంది. అంతలో పెరట్లోంచి కూత.

"కొక్కొరో... క్కో... ఖళ్! ఖళ్!"

నేను పరుగెత్తి తొంగిచూశాను. కోళ్లగూడు వెనక మోకాళ్ల మీద మా తాత, తలమీదుగా తువ్వాలు కప్పుకుని! తన పెళ్లిలో కూడా గొంతు వినిపించని మనిషి!

పాలు పోయడానికి వచ్చినవాడు గోడమీదుగా చూడనే చూశాడు. పక్కింటి కిటికీ తెరుచుకుని పోస్టుమాస్టరు తల బయటికొచ్చింది. తాత కొయ్యబారిపోయాడు. తువ్వాలు జారింది. చెవులు కోడిజుట్టు కంటే ఎర్రబడ్డాయి.

పాలతను గబుక్కున ఆకాశంలోకి చూశాడు. "అమ్మా, మీ పుంజు కోలుకున్నట్టుందే!"

"గొంతు కాస్త జీరబోయింది," అన్నాడు పోస్టుమాస్టరు, కిటికీ రెక్క మూసుకుంటూ. "కూత మాత్రం పోయినసారంతే."

నానమ్మ గూడు వైపు చూసింది. జారిన తువ్వాలు చూసింది. "దగ్గు కూడా తగ్గితే బాగుండు," అని కత్తి తీసుకుని లోపలికి పోయింది, ఉల్లిపాయలు తరగడానికి.

ఇదంతా విన్న మా పుంజుకి ఒళ్లు మండింది. తన పెరట్లో ఇంకో పుంజా? అదీ ఇంత అధ్వాన్నంగా కూసేదా? చొక్కాతోనే ఎగిరి గోడెక్కి, వీధి దద్దరిల్లేలా కూసింది.

దాని సిగ్గు పోయింది. తాతది పోలేదు. ఆయన్ని గూడు వెనకనుంచి బయటికి రప్పించేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా మా వీధిలో నడిచినవాళ్లందరూ మా పెరటివైపు తిరగకుండా, అవతలి గోడకేసి చూస్తూ నడిచారు.