గంప కింద పలిసె పిట్ట, దానికి సముద్రపు నురుగు

విమానాశ్రయం తెరిచిన కొత్తలో శంషాబాద్ దగ్గరి మా ఊళ్ళో ముందు గది కిరాయికి ఇచ్చాం. దిగినవాళ్ళు విశాఖ వైపు మొగుడూపెళ్ళాలు. అతనిది విమానాలకు సామాన్లు ఎక్కించే పని. ఆమెకు పగలంతా నేనే తోడు.

ఆ చలికాలం మా జొన్నచేను గింజ పట్టే వేళకు పలిసె పిట్టలు దిగాయి. గోరింక జాతివే; తల నలుపు, ఒళ్ళు లేత గులాబీ. మా ఆయన మంచె మీద నుంచి వడిసెలతో రాళ్ళు విసిరేవాడు. ఒక రాయికి ఒక పిట్ట రెక్క వాల్చి పడింది. కొంగులో వేసుకుని తెచ్చి కోళ్ళ గంప కింద పెట్టాను.

"చేను మింగెటిదానికి ఇంట్ల మర్యాదలా?" అన్నాడు ఆయన.

"కొట్టింది నువ్వే గద. జర ఊకో."

ఎండలు ముదిరితే గుంపు వెళ్ళిపోతుంది. ఆలోగా ఇది ఎగరాలి, లేకపోతే పిల్లి పాలే. నాకు అదే రంధి.

కిరాయికి దిగిన ఆ పిల్ల తన పెట్టెలోంచి తెల్లటి పెచ్చు ఒకటి తెచ్చింది. చెవి చీముకు మా అత్త నూరే సముద్రపు నురుగు.

"నురుగెండి గట్టిపడ్డదే గద ఇది?" అన్నాను.

ఆమె ఒకటే నవ్వు. "నురుగేంటక్కా! చేప వీపులో ఎముక. మా ఇంట్లో గోరింకకి ఎముక గట్టిపడాలని ఇదే పెట్టేవాళ్ళం."

"చేపకు గింత తేలిక ఎముకనా?"

"మీ పిట్ట ఎముక బరువేంటి? మా చేప ఇసక మీద ఇసక రంగు, రాయి మీద రాయి రంగు. పట్టబోతే నల్లటి సిరా చిమ్మి మాయమైపోద్ది. మీదానికేం వచ్చు?"

"పాట పాడుతది. మీది పాడుతదా?"

"అది పాటా అక్కా? కొట్లాట!"

మిడతలు, జొన్నలు, ఆ ఎముక గీరిన పొడి. పిట్ట రెక్క ఎత్తింది. ఒక పొద్దున ఇద్దరం గంప చేను గట్టుకు మోసుకెళ్ళి లేపాం. పిట్ట రివ్వున లేచి గుంపులో కలిసింది. గుంపు ఒక్క చుట్టు తిరిగి, సరాసరి మా చేన్లోనే వాలింది.

వడిసెలలో రాయి పెట్టిన మా ఆయన చెయ్యి ఆగింది. "గిండ్ల నీదేది?"

అన్నీ నల్ల తలలే, అన్నీ గులాబీ ఒళ్ళే. "తెల్వది" అన్నాను.

"దాక్కోవడం మీదానికీ వచ్చక్కా" అంది కిరాయి పిల్ల, మెల్లగా.

ఆయన మా ఇద్దరినీ చూసి, రాయి కింద పడేశాడు. "సరే తియ్యి. ఇంట్లకెళ్ళి ఆ రేకు డబ్బ పట్టుకరా."

ఆ ఏడు కోతలదాకా మా చేన్లో డబ్బా మోతే.